ఠాణాలో రాసుకోని ఫిర్యాదుకు హైకోర్టు ఎంత దూరం?

మన కాన్ఫరెన్స్ కాల్స్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు తరచూ వినిపిస్తున్నాయి. ఊర్లో భూమి కబ్జా అయినా, గల్ఫ్ ఏజెంటు మోసం చేసినా, ఎన్‌కౌంటర్ జరిగినా, ప్రాజెక్టులో పైసలు మింగినా ఒకాయన వెంటనే అంటాడు: "హైకోర్టుకు పోదాం, సీబీఐకి ఇప్పిద్దాం." ఇంకొకాయన అడ్డం తగులుతాడు: "అది ఉమ్మడి రాష్ట్రం నాటి ముచ్చట. ఇప్పుడు మన సర్కారు, మన పోలీసులు. మన మీద మనమే కోర్టుకు పోతమా?"

మిత్రులారా, రెండూ తప్పే. మొదటి మాట కోర్టు దగ్గర లేని శక్తిని కోర్టుకు అంటగడుతున్నది. రెండో మాట చట్టం ఇచ్చిన హక్కును కుర్చీలో ఎవరున్నారో చూసి వదులుకోమంటున్నది. ఈ రెండింటి నడుమ అసలు ప్రశ్న మరుగున పడుతున్నది. ఫిర్యాదు తీసుకొని దర్యాప్తు చేయమని ప్రభుత్వ సంస్థను కోర్టు బలవంతపెట్టగలదా? పెట్టగలిగితే ఎంతవరకు? ఎవరి కోసం?

నా జవాబు ముందే చెప్తాను. మన దేశంలో కోర్టుకు ఆ అధికారం ఉన్నది, చాలానే ఉన్నది. కానీ అది పైకోర్టుల్లో, పెద్దవాళ్ళ తగాదాల్లోనే ఎక్కువగా ఖర్చవుతున్నది. కింద మేజిస్ట్రేటు కోర్టులో, మామూలు మనిషికి దొరకాల్సిన చోట, అది ఎండిపోతున్నది. కొత్త చట్టం దాన్ని ఇంకా ఎండబెట్టింది. మనం సీబీఐ కోసం అరిచినంతగా ఎఫ్ఐఆర్ కోసం అరిచి ఉంటే కథ వేరే ఉండేది.

కోర్టు ఏం చేయగలదు, ఏం చేయలేదు

1944లో ఖ్వాజా నజీర్ అహ్మద్ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఒక గీత గీసింది. దర్యాప్తు పోలీసుల పని, తీర్పు కోర్టు పని, ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టొద్దు అని. తెల్లదొరలు పోయినా ఆ గీత పోలేదు. 1967లో అభినందన్ ఝా కేసులో సుప్రీంకోర్టు కూడా, ఫలానా మనిషి మీద చార్జిషీటు వేయమని మేజిస్ట్రేటు పోలీసులను ఆదేశించలేడని తేల్చింది. ఇది సరైన గీతే. నేరం ఎవరు చేశారో జడ్జి ముందే చెప్పి, ఇక పోయి సాక్ష్యం తెమ్మంటే అది న్యాయం అనిపించుకోదు.

కానీ గీతకు ఇవతల ఏమున్నది? నేరం జరిగిందని మనిషి వచ్చి చెప్తే రాసుకోవడం, రాసుకున్నాక వెతకడం. ఈ రెండూ పోలీసుల దయ మీద ఆధారపడ్డ పనులా? 2013 నవంబర్ 12న లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం కాదన్నది. అపహరణకు గురైన మైనర్ బాలిక తండ్రి ఉత్తరప్రదేశ్‌లో ఠాణాకు పోతే రాసుకోలేదు, ఎస్పీ దాకా పోతే గానీ ఎఫ్ఐఆర్ పడలేదు. ఆ తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: వచ్చిన సమాచారంలో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ రాసి తీరాలి. కుటుంబ తగాదాలు, వ్యాపార లావాదేవీలు, వైద్య నిర్లక్ష్యం, అవినీతి, బాగా ఆలస్యంగా వచ్చిన ఫిర్యాదులు, ఇట్లాంటి వాటిలో మాత్రమే ప్రాథమిక విచారణ చేయొచ్చు. అదీ గడువులోపల. రాయని అధికారి మీద చర్య తీసుకోవాలి.

రాయకపోతే? ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. పాత సీఆర్‌పీసీలో అది 156(3) సెక్షన్. 2007 డిసెంబర్‌లో సాకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ లోతు ఎంతో చూపించింది. సైన్యంలో మేజర్‌గా ఉన్న కొడుకు చనిపోతే, అది హత్య అని నమ్మిన తండ్రి సీబీఐ దర్యాప్తు అడిగాడు. కోర్టు సీబీఐని ఇవ్వలేదు. మేజిస్ట్రేటు దగ్గరికి పొమ్మన్నది. ఎఫ్ఐఆర్ రాయమని ఆదేశించడమే కాదు, దర్యాప్తు సక్రమంగా సాగుతున్నదో లేదో కనిపెట్టి చూసే అధికారం కూడా మేజిస్ట్రేటుకు ఉన్నదని చెప్పింది. ఈ తీర్పు మన గ్రూపుల్లో ఎవరి నోటా వినపడదు. సీబీఐ అనే మూడక్షరాలకు ఉన్న గ్లామర్ 156(3)కు లేదు మరి.

ఐటీ వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే ఎఫ్ఐఆర్ ఒక టికెట్ నంబర్. టికెట్ పడకపోతే సమస్యే లేనట్టు లెక్క. గడువు మొదలుకాదు, పైవాళ్ళకు ఎస్కలేట్ చేయడానికి ఏమీ ఉండదు, డాష్‌బోర్డు పచ్చగా మెరుస్తుంటుంది. ఇక్కడ కిటుకు ఏమిటంటే, టికెట్ వేయాల్సిన మనిషీ, టికెట్లు తక్కువ కనిపిస్తే మంచి పేరు వచ్చే మనిషీ ఒక్కరే. అందుకే మన ఠాణాల్లో "దరఖాస్తు ఇచ్చి పోండి, చూస్తం" అనే మాట పుట్టింది. "ఇది సివిల్ మ్యాటర్" అనే మాట పుట్టింది. రెండు పార్టీలను పిలిచి ఎస్సై గదిలోనే పంచాయితీ తెంపే అలవాటు పుట్టింది. మా బంధువుల పిల్లవాడు ఒకడు దుబాయి వీసా అని లక్షలు కట్టి మోసపోతే, మా జిల్లాలోని ఒక ఠాణాలో కాగితం తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. ఏజెంటు సగం పైసలు ఇస్తడు, ఊరుకో అన్నారు. ఆ సగం కూడా రాలేదు. అదే ఏజెంటు ఆ తర్వాత ఇంకెంతమందిని ముంచాడో ఏ రికార్డులోనూ ఉండదు, ఎందుకంటే మొదటివాడి కథే రికార్డులోకి ఎక్కలేదు.

పెద్దల కేసులకు పెద్ద తలుపులు

ఇప్పుడు పైకి చూద్దాం. 2010 ఫిబ్రవరి 17న పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోకపోయినా హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించవచ్చని చెప్పింది. అరుదుగా, ఆచితూచి వాడమని కూడా చెప్పింది. ఆ తర్వాత తెలుగు నేల మీద ఆ తలుపు ఎవరి కోసం తెరుచుకున్నదో ఒకసారి గుర్తు చేసుకోండి.

2011లో అప్పటి మంత్రి శంకర్రావు రాసిన లేఖను హైకోర్టు పిటిషన్‌గా తీసుకున్నది. జగన్ ఆస్తుల మీద ఆగస్టు 10న సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది, వారం తిరిగేసరికి ఎఫ్ఐఆర్ పడింది. అదే ఏడాది నవంబర్‌లో విజయమ్మ పిటిషన్ మీద చంద్రబాబు ఆస్తులపై దర్యాప్తుకు ఆదేశం వచ్చింది, 2012 ఫిబ్రవరిలో అదే హైకోర్టులో ఇంకో బెంచి దాన్ని పక్కనపెట్టింది. ఎవరి కేసు న్యాయం, ఎవరిది కక్ష అనే చర్చలోకి నేను పోవడం లేదు. ఒక్క లేఖ రిట్ అయిపోయే సౌకర్యం ఎవరికి ఉన్నదో చూడమంటున్నాను. జగిత్యాల నుంచో, నారాయణపేట నుంచో ఒక తల్లి రాసిన లేఖకు ఆ యోగం పడుతుందా?

2019 మార్చిలో వివేకానంద రెడ్డి హత్య జరిగినప్పుడు ప్రతిపక్ష నాయకుడిగా జగన్ సీబీఐ దర్యాప్తు కోరుతూ హైకోర్టుకు పోయాడు. ముఖ్యమంత్రి అయ్యాక ఆ పిటిషన్ వెనక్కు తీసుకుంటానన్నాడు. 2020 మార్చిలో హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది, మృతుడి కూతురు పట్టువిడవకుండా కొట్లాడింది గనుక. రాష్ట్ర పోలీసుల మీద నమ్మకం అధికారంతో పాటు వచ్చి అధికారంతో పాటు పోతుందని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మనమేం తక్కువ తినలేదు. 2022 ఆగస్టు 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 51తో సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతిని వెనక్కు తీసుకున్నది. ఆ జీవో సంగతి రెండు నెలల దాకా జనానికి తెలియదు. ఎమ్మెల్యేల కొనుగోలు కేసు హైకోర్టుకు వచ్చినప్పుడు బయటపడింది. ఆ డిసెంబర్ 26న హైకోర్టు అదే కేసును రాష్ట్ర సిట్ నుంచి తీసి సీబీఐకి ఇచ్చింది. ఎమ్మెల్యేల ధర ఎంత అనే పంచాయితీకి హైకోర్టు తలుపు రెండు నెలల్లో తెరుచుకున్నది. వీసా మోసపోయినవాడి పంచాయితీ ఏ తలుపు దగ్గర ఆగిందో పైన చెప్పాను.

పోనీ, సీబీఐ చేతిలో పడ్డాక న్యాయం జరిగిపోతుందా? 1997లో వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు సీబీఐని దగ్గరుండి నడిపించింది. జైన్ హవాలా కేసులు మాత్రం నిలబడలేదు. డైరీల్లోని రాతలు సాక్ష్యానికి చాలలేదు. 2జీ కేసును సుప్రీంకోర్టే పర్యవేక్షించింది, 2017 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ వదిలేసింది. దర్యాప్తు మొదలుపెట్టించడం కోర్టు చేతిలో ఉన్న పని. సాక్ష్యం పుట్టించడం ఎవరి ఆదేశంతోనూ కాదు. సాక్ష్యం దొరికేది మొదటి వారంలో, మొదటి ఠాణాలో. ఆ వారం పోయాక ఏ సీబీఐ వచ్చినా ఆరిన బూడిదనే కెలుకుతుంది.

మన రాష్ట్రంలో, మన కళ్ళ ముందు

"మన పోలీసులు" అనేవాళ్ళు 2019 నవంబర్ 27 రాత్రిని గుర్తు తెచ్చుకోవాలి. శంషాబాద్ దగ్గర అమ్మాయి కనిపించడం లేదని ఇంటివాళ్ళు ఠాణాకు పోతే, ఇది మా పరిధి కాదన్నారు. ఆ తర్వాత ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళను సస్పెండ్ చేశారు. పరిధి లేకున్నా జీరో ఎఫ్ఐఆర్ రాయాలనే నియమం అప్పటికే ఉన్నది. తొమ్మిది రోజులకు, డిసెంబర్ 6న, చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను కాల్చి చంపారు. పూలు చల్లారు, మన గ్రూపుల్లో కూడా చప్పట్లు మోగాయి. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని చెప్పింది.

ఈ రెండు ఘటనలను విడివిడిగా చూడకండి. కాగితం మీద రాయాల్సిన రోజు రాయని వ్యవస్థ, తుపాకీతో లెక్క సరిచేశానని చెప్పుకున్నది. ఫిర్యాదు తీసుకోకపోవడం, కోర్టు దాకా పోకుండా తీర్పు ఇచ్చేయడం, రెండింటి వెనకా ఉన్నది ఒకటే ధీమా: మమ్మల్ని అడిగేటోడు ఎవడు?

ఆ ధీమాకు చరిత్ర ఉన్నది. 2009 ఫిబ్రవరి 6న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం, పౌరహక్కుల సంఘం వేసిన కేసులో, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కాల్చిన పోలీసుల మీద ఎఫ్ఐఆర్ రాయాలని, ఆత్మరక్షణ అనే వాదన కోర్టులో రుజువు చేసుకోవాలని చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నది. 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే ఎన్‌కౌంటర్ మరణాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ రాయాలని, దర్యాప్తు సీఐడీ గానీ ఇంకో ఠాణా బృందం గానీ చేయాలని అన్నది. ఏడు నెలలు తిరగకముందే, 2015 ఏప్రిల్ 7న, ఒకే రోజు శేషాచలం అడవిలో ఇరవై మంది కూలీలు, ఇటు ఆలేరు దగ్గర పోలీసు వ్యానులో కోర్టుకు తీసుకొస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు చనిపోయారు. రాష్ట్రాలు రెండైనా తుపాకీ భాష ఒకటే.

ఉద్యమ కాలంలో మన పిల్లల మీద కేసులు పెట్టడానికి ఏ ఠాణాకూ ప్రాథమిక విచారణ అవసరం రాలేదు. రైలు పట్టాల మీద కూర్చున్నందుకు, ఉస్మానియా గేటు దాటినందుకు క్షణాల్లో సెక్షన్లు పడ్డాయి. రాయడం వాళ్ళకు రాదని కాదు. ఎవరి మీద రాయాలో, ఎవరి కోసం రాయకూడదో వాళ్ళకు బాగా వచ్చు.

అమెరికా ముచ్చట

ఇక్కడ ఉంటున్న మనకు ఇంకో భ్రమ ఉన్నది. అమెరికాలో ఫిర్యాదు చేస్తే వ్యవస్థ దానంతటదే కదులుతుందని. కదిలితే మంచిదే. కదలకపోతే కోర్టు కదిలిస్తుందా?

1999 జూన్‌లో కొలరాడోలోని కాసిల్ రాక్‌లో ఒక తల్లి, కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ధిక్కరించి భర్త ముగ్గురు ఆడపిల్లలను ఎత్తుకుపోయాడని ఆ సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా పోలీసులకు మళ్ళీ మళ్ళీ చెప్పింది. వాళ్ళు కదలలేదు. తెల్లవారేలోపు పిల్లలు శవాలయ్యారు. ఉత్తర్వును అమలు చేయాలని, అరెస్టు చేయాలని ఆ రాష్ట్ర చట్టంలో "షల్" అనే మాట ఉన్నది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో, ఆ మాట ఉన్నంత మాత్రాన పోలీసుల విచక్షణ పోదని, అమలు చేయించుకునే రాజ్యాంగ హక్కు ఆ తల్లికి లేదని తీర్పు చెప్పింది. అంతకుముందే 1973లో లిండా ఆర్.ఎస్. కేసులో, ఇంకొకరి మీద ప్రాసిక్యూషన్ జరిపించమనే హక్కు ప్రైవేటు పౌరుడికి లేదన్నది. 1985లో హెక్లర్ వర్సెస్ చేనీ కేసులో, ప్రభుత్వ సంస్థ చర్య తీసుకోకూడదని నిర్ణయిస్తే కోర్టులు సాధారణంగా దాన్ని సమీక్షించవని చెప్పింది.

అదే "షల్" అనే మాట మన సీఆర్‌పీసీ 154లో కూడా ఉన్నది. మన సుప్రీంకోర్టు లలితా కుమారిలో దానికి "తప్పనిసరి" అనే అర్థం చెప్పింది. అంటే కాగితం మీద మెదక్ జిల్లా రైతుకు ఉన్న హక్కు కొలరాడో తల్లికి లేదు. ఇది మనం గర్వపడాల్సిన విషయం. ఆ హక్కును ఠాణా గడప దగ్గరే చంపేస్తుంటే సిగ్గుపడాల్సిన విషయం కూడా.

కొత్త చట్టం తెచ్చిన మెలికలు

2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. జీరో ఎఫ్ఐఆర్‌ను చట్టంలో రాశారు, సంతోషం. దాని పక్కనే మెలికలు కూడా పెట్టారు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ చేసుకోవచ్చట. భర్త వేధింపులు, నమ్మకద్రోహం దీనిలోకే వస్తాయి. లలితా కుమారి తీర్పు మినహాయింపుగా చెప్పినదాన్ని 173(3) విశాలమైన గేటుగా మార్చింది. పద్నాలుగు రోజులంటే సెటిల్‌మెంటుకు బోలెడంత టైము.

156(3) ఇప్పుడు 175(3) అయింది. మేజిస్ట్రేటు ఆదేశం ఇచ్చేముందు పోలీసు అధికారి ఏమంటాడో కూడా చూడాలి. రాయనన్నవాడినే, ఎందుకు రాయించాలో అడగడం అన్నమాట. ప్రభుత్వోద్యోగి విధుల్లో చేసినదాని మీద ఫిర్యాదైతే, పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వాదన చూశాకే ముందుకు పోవాలి.

మనకు నేరుగా తగిలేది ఈ-ఎఫ్ఐఆర్. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపొచ్చు, మూడు రోజుల్లో సంతకం పెడితేనే రికార్డుకు ఎక్కుతుంది. డల్లాస్ నుంచి, దమ్మామ్ నుంచి మూడు రోజుల్లో ఎవడు పోతాడు? కఫీల్ దగ్గర పాస్‌పోర్టు పెట్టి పనిచేస్తున్న కార్మికుడు ఎట్లా పోతాడు? విదేశాల్లో ఉన్నవాళ్ళు సంతకం ఎట్లా చేయాలో చట్టంలో ఒక్క ముక్క లేదు. మనం పంపే డాలర్లకు, దిర్హమ్‌లకు మూడు నిమిషాలు చాలు. మన ఫిర్యాదుకు మాత్రం విమానం ఎక్కాలి.

"తప్పుడు కేసులు పెరుగుతాయి" అంటారా? 2015లో ప్రియాంకా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు ఈ భయాన్ని ఒప్పుకొనే, మేజిస్ట్రేటు దగ్గరికి వచ్చేవాళ్ళు అఫిడవిట్ ఇవ్వాలన్నది. అబద్ధం చెప్తే శిక్ష ఉన్నది. ఎఫ్ఐఆర్ పడితే అరెస్టు చేయాలని ఎక్కడా లేదు. దర్యాప్తులో పస లేకపోతే పోలీసులే మూసివేత నివేదిక వేయొచ్చు, ఫిర్యాదుదారు దాన్ని కోర్టులో సవాలు చేయొచ్చు. రాసి మూసిన ఫైలుకు జవాబుదారీ ఉంటుంది. రాయని ఫైలుకు ఏముంటుంది?

"కోర్టులు ప్రభుత్వాన్ని నడుపుతాయా?" అంటారా? సీబీఐ ఆదేశాల విషయంలో ఆ అనుమానంలో నిజం ఉన్నది. మేజిస్ట్రేటు ఆదేశం అట్లాంటిది కాదు. అది పార్లమెంటు చేసిన చట్టంలోనే ఉన్న మెట్టు.

మనం చేయాల్సింది

ఇక్కడ మనం చందాలు వేసుకొని పెద్ద లాయర్లతో హైకోర్టులో పిల్స్ వేయించే ఉత్సాహం కొంత తగ్గించుకుందాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, మహబూబ్‌నగర్ మేజిస్ట్రేటు కోర్టుల్లో 175(3) దరఖాస్తులు వేసే యువ లాయర్లకు ఆ పైసలు ఇద్దాం. ఒక్క సీనియర్ లాయరు ఒక్క రోజు ఫీజుతో ఎన్ని దరఖాస్తులు నడుస్తాయో లెక్క వేసుకోండి.

రాష్ట్ర ప్రభుత్వాన్ని మూడు అడుగుదాం. ప్రతి ఠాణాకు నెలనెలా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని ఎఫ్ఐఆర్లు అయ్యాయి, ఎన్ని మేజిస్ట్రేటు చెప్పాక రాసినవి, ఈ లెక్క బయటపెట్టాలి. మహిళల మీద జరిగే తీవ్ర నేరాల్లో ఎఫ్ఐఆర్ రాయని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు శిక్ష 2013 నుంచి చట్టంలో ఉన్నది. అది ఎంతమంది మీద పెట్టారో చెప్పాలి. ఈ-ఫిర్యాదు సంతకాన్ని భారత రాయబార కార్యాలయంలో చేస్తే చెల్లేలా కేంద్రంతో మాట్లాడాలి. మన దగ్గరికి నిధుల కోసం, ఓట్ల కోసం వచ్చే నాయకులను ఎడిసన్‌లో అయినా, దోహాలో అయినా ఇవే అడుగుదాం. సన్మానం తర్వాత.

మనకు సొంత హైకోర్టు 2019 జనవరి 1న వచ్చింది. దాని కోసం వకీళ్ళు రోడ్ల మీదికి వచ్చారు, దెబ్బలు తిన్నారు. ఎమ్మెల్యేల పంచాయితీ తెంపడానికి మాత్రమే ఆ హైకోర్టు పనికొస్తే వాళ్ళ కొట్లాటకు అర్థం లేదు. రాష్ట్రం వచ్చింది గనుక ఠాణాను ప్రశ్నించొద్దు అనేవాళ్ళకు ఒకటే మాట: మనం రాష్ట్రం తెచ్చుకున్నది అడిగే హక్కు పెంచుకోవడానికి. ఊర్లో మీ అమ్మ ఒక్కతే పోయి ఫిర్యాదు ఇస్తే, పైరవీ లేకుండా, మీ పేరు చెప్పకుండా, రసీదు చేతిలో పెట్టుకొని ఇంటికి రాగలదా? వచ్చే కాల్‌లో ముందు దీని గురించి మాట్లాడుదాం.

జై తెలంగాణ!